‘సముద్రంలో సరస్వతి గుడి’ అని పెట్టే ముందు: జపాన్ వీడియోలు చేసే తెలుగు యూట్యూబర్లకు బహిరంగ లేఖ

నమస్కారం.

హిరోషిమా పక్కనున్న మియాజిమా దీవి మీద తెలుగులో ఈమధ్య చాలా వీడియోలు వచ్చాయి. చాలావరకు చూశాను. కెమెరా పనికి వంక పెట్టలేను. పడవ దగ్గరవుతుంటే నీళ్ళలో నిలబడ్డ ఎర్రటి తొరీ ద్వారం పెద్దదవుతూ వచ్చే షాటు మీ అందరికీ బాగా కుదిరింది. రైలు పాసు ఏ పడవకి పనిచేస్తుంది, శాకాహారులకు ఏం దొరుకుతుంది లాంటి సంగతులు కూడా ఓపిగ్గా చెప్తున్నారు. నా పేచీ అంతా థంబ్‌నెయిల్ దగ్గరే. ‘సముద్రంలో తేలే సరస్వతి గుడి’, ‘జపాన్ దాచిన హిందూ రహస్యం’, ఇంచుమించు అందరిదీ ఇదే వరస. లోపలికెళ్తే, ఇక్కడి అమ్మవారు అసలు మన సరస్వతేననీ, వీళ్ళు పేరు మార్చి పూజిస్తున్నారనీ ఒక్క నిమిషంలో తేల్చేసి జింకల వైపు వెళ్ళిపోతారు.

ఇందులో పూర్తి అబద్ధం లేదు. అదే చిక్కు. పూర్తి అబద్ధమైతే ఒక కామెంటు పెట్టి ఊరుకునేవాణ్ణి. సగం నిజం కాబట్టి ఇంత పెద్ద ఉత్తరం రాయాల్సి వచ్చింది.

ముందు ఆ గుడిలో ఉన్నదెవరో చూద్దాం. మియాజిమాలోని ఆ గుడి పేరు ఇత్సుకుషిమా. అందులో కొలువైనది ముగ్గురు అక్కచెల్లెళ్ళు: ఇచికిషిమాహిమె, తాగొరిహిమె, తాగిత్సుహిమె. క్రీ.శ. 712 నాటి జపాన్ పురాణ గ్రంథం ‘కొజికి’లో వీళ్ళ పుట్టుక కథ ఉంది. సూర్యదేవత అమతెరసు దగ్గరికి తమ్ముడు సుసానో వస్తాడు. వాడు మంచి మనసుతో వచ్చాడో, రాజ్యం లాక్కోవడానికి వచ్చాడో ఆవిడకి అనుమానం. ఇద్దరూ ప్రమాణానికి దిగుతారు. ఆవిడ తమ్ముడి కత్తిని మూడు ముక్కలు చేసి, నమిలి, ఊదితే ఆ ఆవిరిలోంచి ఈ ముగ్గురూ పుట్టారు. క్యూషూ దీవిలోని మునకత వీళ్ళకి మూలస్థానం. కొరియా వైపు వెళ్ళే సముద్రదారిని కాపాడే దేవతలు. అంటే పడవలవాళ్ళ అమ్మవార్లు. ఈ కథలో భారతదేశం ఎక్కడా లేదు. అంత మంచి కథని వదిలేసి ‘పేరు మార్చిన సరస్వతి’ అని చెప్పడానికి మీకు మనసెలా ఒప్పిందో నాకర్థం కాదు.

గుడిని క్రీ.శ. 593లో సాయెకి కురమొతో అనే స్థానిక నాయకుడు కట్టించాడని సంప్రదాయం చెప్తుంది. రాతలో పేరు కనబడేది 811లో. ఇప్పుడు మనం చూసే ఆకారం, అంటే నీళ్ళ మీద రెక్కలు చాచినట్టున్న మంటపాలూ, వాటిని కలిపే పొడవాటి నడవాలూ, 1168 ప్రాంతంలో తైరా నో కియోమొరి పుణ్యమాని వచ్చింది. ఈ కియోమొరి గురించి మీ వీడియోల్లో ఒక్క ముక్క కూడా లేకపోవడం ఇంకో వెలితి. క్యోతోలో ఉండే దొరలు సామంతులుగా చూసే యోధుల వంశంలో పుట్టి, దేశాన్నే గుప్పిట్లో పెట్టుకున్న మనిషి. 1146లో ఈ ప్రాంతానికి అధికారిగా వచ్చాడు. సోంగ్ వంశపు చైనాతో వ్యాపారం చేసే ఓడలు ఈ లోపలి సముద్రం మీదుగానే పోవాలి. ఆ దారి చేతిలో ఉన్నవాడికి ఆ దారిని కాపాడే అమ్మవారి మీద భక్తి కలగడంలో వింతేముంది. భక్తి నిజమే అయుంటుంది, లెక్క కూడా నిజమే అయుంటుంది. కూతురిని చక్రవర్తికిచ్చి, మనవణ్ణి సింహాసనం మీద కూర్చోబెట్టాడు. తను పోయిన నాలుగేళ్ళకే, 1185లో దాన్నౌరా సముద్రయుద్ధంలో ఆ మనవడితో సహా వంశం నీళ్ళలో కలిసిపోయింది. గుడి మాత్రం మిగిలింది.

ఇక మీ సరస్వతి సంగతి. 1164లో కియోమొరి, అతని వాళ్ళూ కలిసి ఈ గుడికి ఒక కానుక ఇచ్చారు. ‘హైకె నోక్యో’ అంటారు. బంగారం, వెండి పొడులతో, రంగు కాగితాల మీద, బొమ్మలతో అలంకరించిన 33 చుట్టలు. ఇప్పుడది జపాన్ జాతీయ సంపద. అందులో ఉన్నది ముఖ్యంగా ‘సద్ధర్మ పుండరీక’ సూత్రం, సంస్కృతంలో పుట్టి, క్రీ.శ. 406లో కుమారజీవుడి చేతిలో చైనా భాషలోకి వెళ్ళి, అక్కడినుంచి జపాన్ చేరిన బౌద్ధ గ్రంథం. జపాన్ సొంత మతమైన షింతో గుడికి బౌద్ధ సూత్రం కానుకేమిటని అడక్కండి, అప్పట్లో ఎవరూ అడగలేదు. దానితోపాటు కియోమొరి రాసిన విన్నపపత్రంలో ఈ అమ్మవారిని కానన్ రూపంగా చెప్పాడు. కానన్ అంటే అవలోకితేశ్వరుడనే బోధిసత్వుడు. 33 చుట్టలు కూడా అందుకే, సూత్రంలో కానన్ 33 రూపాలు ఎత్తుతాడు కాబట్టి.

అంటే గుడికి ఇప్పటి రూపం ఇచ్చినవాడి లెక్కలో ఆవిడ సరస్వతి కాదు. ఇంకో కథలో ఈ అమ్మవారు సాగర నాగరాజు కూతురు. బెంజైతెన్, అంటే సరస్వతి, ఆ తర్వాతి శతాబ్దాల్లో గట్టిగా కలిసింది. ‘సువర్ణప్రభాస’ సూత్రం ద్వారా చైనా మీదుగా జపాన్ వెళ్ళిన దేవత ఆవిడ. అక్కడికెళ్ళాక వీణ బదులు బివా అనే జపాన్ తంతివాద్యం పట్టుకుంది, కొన్నిచోట్ల నెత్తిమీద తెల్లపామునీ, చిన్న తొరీ ద్వారాన్నీ మోస్తుంది, డబ్బూ అదృష్టమూ ఇచ్చే ఏడుగురు దేవతల్లో చేరింది. నీటికి సంబంధించిన దేవత కాబట్టి, దీవుల్లోనూ చెరువుల మధ్యలోనూ ఉంటుంది. ఇచికిషిమాహిమె కూడా నీటి దేవతే. ఇద్దరూ ఒకటేనని జనం అనుకోవడం మొదలుపెట్టారు. ఎనోషిమా, చికుబుషిమా, ఇత్సుకుషిమా, ఈ మూడూ జపాన్‌లో బెంజైతెన్‌కి పేరుమోసిన చోట్లయ్యాయి.

కాబట్టి ఒకే గుమ్మం ముందు నిలబడి ఒకడు మునకత అమ్మవారికి, ఒకడు కానన్‌కి, ఒకడు నాగకన్యకి, ఒకడు బెంజైతెన్‌కి దండం పెట్టుకున్నాడు. వందల ఏళ్ళపాటు ఎవరికీ అభ్యంతరం లేదు. గుడి పూజావ్యవహారాలు కొండకింద ఉన్న దైషొయిన్ అనే బౌద్ధ మఠం చూసేది. కట్టడాలూ మరమ్మతులూ పక్కనున్న దైగంజి అనే ఇంకో బౌద్ధాలయం చూసేది.

1868లో మెయిజీ ప్రభుత్వం వచ్చింది. షింతోని, బౌద్ధాన్ని విడదీయమని ఉత్తర్వు వేసింది. ఏది ‘మనది’, ఏది ‘పరాయిది’ అని గీత గీసింది. దేశమంతా బౌద్ధ విగ్రహాలు పగిలాయి, గంటలు కరిగాయి, గ్రంథాలు కాలాయి. ఇక్కడ బెంజైతెన్ విగ్రహాన్ని గుడిలోంచి తీసి దైగంజికి పంపేశారు. ఇప్పటికీ అక్కడే ఉంది. ఏడాదికొకసారి, జూన్ 17న మాత్రం తలుపులు తీస్తారు. అప్పట్లో జపాన్‌ని ఏలిన హిదెయొషి, యుద్ధాల్లో చచ్చిపోయినవాళ్ళకోసం సూత్రాలు చదివించడానికి 1587లో కట్టించమన్న పెద్ద మంటపంలోని బుద్ధుణ్ణి కూడా అటే పంపి, ఆ మంటపాన్ని హిదెయొషికే గుడి చేశారు. ఎర్రరంగు మరీ బౌద్ధంలా ఉందని ఇత్సుకుషిమా కట్టడాల రంగు గీకించి, కప్పు మీద షింతో గుర్తులుగా అడ్డదూలాలు పెట్టించారు. ఆ తర్వాతి తరంలో జరిగిన మరమ్మతుల్లో వాటిని తీసేసి, మళ్ళీ ఎర్రరంగు వేశారు. 1407 నాటి అయిదంతస్తుల పగోడా మాత్రం కదల్లేదు. పగోడాని ఎక్కడికి మోసుకెళ్తారు?

ఇప్పుడు మీ థంబ్‌నెయిల్ చూడండి. ‘సరస్వతి గుడి’. సరస్వతి విగ్రహం ఆ గుడిలో 150 ఏళ్ళకు పైగా లేదు. మీరు డ్రామా సంగీతం పెట్టి చూపించే మంటపానికి నడక దూరంలో ఉన్న దైగంజిలో ఉంది. దాని ముందునుంచే మీరు నడిచివెళ్తారు, నడవలోంచి బయటికొచ్చే దారి అటే కాబట్టి. ఇంతవరకు ఒక్క తెలుగు వీడియోలో కూడా కెమెరా అటు తిరగడం నేను చూడలేదు. మీరు వెతుకుతున్నదేదో అది పక్కనే ఉంది, మీరేమో అది లేనిచోట ఉందని చెప్తున్నారు.

నన్ను ఇబ్బంది పెట్టేది ఇంకోటుంది. ఆనాటి అధికారులు ఇన్ని పొరలున్న చోటుని ఒక్క పేరుకి కుదించారు. మీరూ అదే చేస్తున్నారు, పేరు వేరు. వాళ్ళు ‘ఇది పూర్తిగా షింతో’ అన్నారు, మీరు ‘ఇది పూర్తిగా హిందూ’ అంటున్నారు. వాళ్ళ చేతిలో అధికారం ఉంది, మీ చేతిలో సబ్‌స్క్రైబర్లున్నారు. నష్టం పోల్చదగ్గది కాదు, ఒప్పుకుంటాను. కానీ అక్కడ పూజలు చేసేవాళ్ళకి మీ వీడియో సబ్‌టైటిల్స్‌తో చేరితే ఏమనుకుంటారో ఒకసారి ఆలోచించండి. తరతరాలుగా ఒక అమ్మవారిని కొలిచేవాళ్ళ దగ్గరికెళ్ళి ‘మీ దేవత మీది కాదు’ అంటే మన ఊళ్ళో ఎవరూ ఊరుకోరు.

కట్టడం గురించి కూడా ‘ఆ రోజుల్లోనే ఎంత సైన్సో!’ అని వదిలేస్తున్నారు. ఆ సైన్సేమిటో చెప్తే జనం చూస్తారండీ. దీవి మొత్తం దేవతేనన్న నమ్మకం. నేల తవ్వడం, చెట్టు నరకడం దోషం. అందుకే గట్టు మీద కాకుండా, ఆటుపోట్లు వచ్చిపోయే బురదనేల మీద కట్టారు. మొత్తం 270 మీటర్లకు పైనే ఉండే నడవాల్లో, నేల పలకల మధ్య కావాలనే సందులు వదిలారు. పోటు పెరిగినప్పుడు నీళ్ళు కిందనుంచి తన్నితే ఆ సందుల్లోంచి పైకి చిమ్మి ఒత్తిడి తగ్గుతుంది. సముద్రం వైపుండే తేలికపాటి భాగాలు దెబ్బ తిన్నా గర్భాలయం నిలబడుతుంది. 1991 తుఫానులో ‘నో’ అనే సంప్రదాయ నాటకాలాడే వేదిక కూలింది. 2004 తుఫానులో సంగీతకారుల మంటపాల్లో ఒకటి కూలింది. రెండుసార్లూ అమ్మవార్లున్న చోటు నిలిచింది, కూలినవి మళ్ళీ కట్టారు.

ఆ తొరీ ద్వారం నేలలో పాతింది కాదు. దాదాపు 16 మీటర్ల ఎత్తు, 60 టన్నుల బరువు. దిమ్మల కింద దుంగలు దిగేసిన పునాది ఉంది, దాని మీద తన బరువుతోనే నిలబడుతుంది. పైన అడ్డంగా కనబడే దూలం లోపల బోలుగా ఉన్న పెట్టె. దాన్నిండా పిడికెడేసి రాళ్ళు, టన్నుల కొద్దీ. బరువెక్కువైతే గట్టిగా నిలుస్తుందన్న లెక్క. పెద్ద స్తంభాలు రెండూ కర్పూర వృక్షాల మానులు, ఇంకా చెట్టు వంపులతోనే ఉంటాయి. ఇప్పుడున్నది 1875లో కట్టింది. 2019 నుంచి 2022 చివరిదాకా దాన్ని పూర్తిగా కప్పేసి మరమ్మతు చేశారు. ఆ స్తంభాల పగుళ్ళలో చెయ్యందేంత ఎత్తువరకు యాత్రికులు దోపిన చిల్లర నాణేలు బోలెడు దొరికాయి. ఉప్పునీళ్ళలో లోహం నానితే చెక్క ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మీలో ఒకరి వీడియోలో ‘కోరిక కోరుకుని కాయిన్ పెట్టాలి, చాలా పవర్‌ఫుల్’ అని చెప్పడం విన్నాను. దయచేసి ఆ ముక్క కత్తిరించండి. ఇది మాత్రం బతిమాలి అడుగుతున్నాను.

జింకలకి బిస్కెట్లు కూడా అంతే. అది నారాలో. మియాజిమాలో జింకలకి తిండి పెట్టొద్దని ఎన్నో ఏళ్ళుగా చెప్తున్నారు. నారాలో తీసిన క్లిప్పుని ఇక్కడి వీడియోలో కలిపేస్తే, చూసినవాళ్ళు బిస్కెట్ ప్యాకెట్లతో దిగుతారు.

ఇంకో చిన్న విషయం. ‘చెప్పులతోనే గుళ్ళోకి వెళ్తున్నారు చూడండి’ అని ఒకాయన ఆశ్చర్యపోయాడు. ఇత్సుకుషిమా నడవల్లో చెప్పులతోనే నడవాలి, అది అక్కడి పద్ధతి. హిదెయొషి మంటపంలో విప్పాలి. మన కళ్ళకి విగ్రహం కనబడదు, హారతి ఉండదు, తీర్థప్రసాదాలుండవు. రెండుసార్లు వంగి దండం, రెండు చప్పట్లు, మళ్ళీ ఒకసారి వంగి దండం. అంతే. అక్కడ పెళ్ళిళ్ళు కూడా జరుగుతుంటాయి. తెల్ల కిమోనోలో ఉన్న పెళ్ళికూతురి ముఖంలోకి జూమ్ చేసి ‘గాయ్స్, మనకి లక్ చూడండి’ అనడం మన పెళ్ళిలో ఎవరో తెలియనివాడు చేస్తే ఎలా ఉంటుంది?

మనదైన ముడి ఏదో ఒకటి కావాలి, లేకపోతే తెలుగువాళ్ళు చూడరు అంటారా? సరే, నిజమైనవే ఉన్నాయి.

దైషొయిన్ మఠం షింగొన్ అనే బౌద్ధ శాఖకి చెందింది. దీవి మీది మిసెన్ కొండని 806లో సాధనకి తెరిచినవాడు ఆ శాఖ స్థాపకుడు కూకాయ్ అని చెప్తారు. అతను వెలిగించిన నిప్పు అప్పటినుంచీ ఆరలేదని నమ్మకం. హిరోషిమా శాంతివనంలో 1964లో వెలిగించిన జ్యోతికి తీసుకున్న నిప్పుల్లో ఇదీ ఒకటి. ఆ షింగొన్ గురుపరంపరలో నాగార్జునుడున్నాడు. అవును, మన కృష్ణాతీరంతో పేరు ముడిపడిన నాగార్జునుడే. వాళ్ళ సంప్రదాయ కథ ప్రకారం నాగార్జునుడు దక్షిణ భారతంలో ఒక ఇనుప స్తూపం తలుపులు తెరిచి, లోపల ఈ విద్యని అందుకున్నాడు. ఆ స్తూపం అమరావతి మహాచైత్యమేనని ఊహించిన పండితులున్నారు. అది కథే, చరిత్ర అని చెప్పొద్దు. ‘వాళ్ళ కథలో మన నేల ఉంది’ అని చెప్పండి. అమరావతిలో ఒక షాటు, మిసెన్ కొండమీద ఒక షాటు. ఇంతకంటే మంచి తెలుగు వీడియో ఏముంటుంది?

ఇంకోటి. క్రీ.శ. 736లో భారతదేశం నుంచి బోధిసేనుడు జపాన్ చేరాడు. 752లో నారాలో మహాబుద్ధ విగ్రహానికి కళ్ళు తెరిచే క్రతువు చేసింది ఆయనే. ఆయనతో వచ్చిన చంపా దేశపు (ఇప్పటి వియత్నాం ప్రాంతం) సన్యాసి బుత్తెత్సు కొన్ని నృత్యాలు తెచ్చాడని చెప్తారు, వాటిని బుగాకు అనే ఆస్థాన నృత్యాల్లో ఒక శాఖగా కలిపారు. కియోమొరి ఆ బుగాకుని ఒసాకాలోని షితెన్నోజి నుంచి ఇత్సుకుషిమాకి రప్పించాడు. ఇప్పటికీ సముద్రం మీది చిన్న వేదిక మీద, డ్రాగన్ ముసుగు వేసుకుని ‘ర్యో-ఓ’ ఆడతారు. భారతదేశంలో ఏమైపోయాయో తెలియని తాళాలు, చంపాలో అసలే మిగలని అడుగులు అందులో ఎన్నున్నాయో ఎవరూ విడదీసి చెప్పలేరు. విడదీయాలని వాళ్ళు ప్రయత్నించడం కూడా లేదు.

మూడోది మా ఆవిడకి చాలా నచ్చిన సంగతి. మియాజిమా దుకాణాల్లో ఎటు చూసినా అన్నం వడ్డించే చెక్క హస్తాలే. 18వ శతాబ్దం చివర్లో సెయిషిన్ అనే బౌద్ధ సన్యాసి, దీవిలో జనానికి బతుకుతెరువు లేదని బాధపడి, బెంజైతెన్ చేతిలోని బివా ఆకారం చూసి ఆ ఆకారంలో హస్తం చెక్కి వాళ్ళకి నేర్పాడట. సాగు నిషేధమైన దీవి కదా, బతకాలంటే యాత్రికులకి ఏదో ఒకటి అమ్మాలి. మీరు ‘సావనీర్ షాపింగ్’ అని ఎగరేసిన అర నిమిషంలో మీ సరస్వతి చేతిలోని వాద్యం వేలాడుతోంది, డిస్కౌంట్ స్టిక్కర్‌తో సహా.

నేను అడిగేది ఇది. పాత వీడియోలు తీసేయమనను, వాటి మీద మీ కష్టం ఉంది. టైటిల్ మార్చండి. ‘సరస్వతి గుడి’ అన్నచోట ‘సరస్వతి కూడా వచ్చిపోయిన గుడి’ అని పెట్టినా నాకు చాలు. పిన్ చేసిన కామెంటులో దైగంజి పేరు, జూన్ 17 తేదీ రాయండి. నాణేల ముక్కా, బిస్కెట్ల ముక్కా ఎడిట్ చేయండి. కియోమొరి కథ వేరే వీడియోగా చేస్తే ముందుగా షేర్ చేసేది నేనే. వెళ్ళే గుంపులకి ఏర్పాట్లు చూసే టూర్ల వాళ్ళు కూడా ఇది చదువుతుంటే, బస్సులో మైకులో చెప్పే మాటల్లో ఇవి కలపండి.

మళ్ళీ వెళ్ళేటట్టయితే చాంద్రమానం ఆరో నెల 17 రాత్రి చూసుకుని వెళ్ళండి. కాంగెన్‌సాయ్ అని, మూడు పడవలు కట్టి, దాని మీద అమ్మవారి పల్లకీ పెట్టి, సంగీతం వాయిస్తూ సముద్రం మీద తిప్పుతారు. ఇదీ కియోమొరి మొదలుపెట్టిందేనంటారు. మన తెప్పోత్సవం తెలిసినవాళ్ళకి ఎవరూ వివరించక్కర్లేదు, అలా అని ఇది మన తెప్పోత్సవం అనకండి మళ్ళీ. పోటు బాగా ఉండగా, 250 సెంటీమీటర్లు దాటితే గుడి తేలుతున్నట్టు కనబడుతుంది. 100 కన్నా తగ్గితే ద్వారం దాకా నడిచిపోవచ్చు. ఆ రోజు ఆటుపోట్ల పట్టిక నెట్‌లో దొరుకుతుంది. 2023 అక్టోబరు నుంచి దీవిలో అడుగుపెట్టడానికి 100 యెన్‌లు పన్ను కూడా ఉంది, పడవ టికెట్‌తోనే తీసుకుంటారు, ‘మోసం చేశారు’ అని వీడియో పెట్టకండి.

ఇట్లు,
మీ వీడియోలు తప్పకుండా చూసే ఒక సబ్‌స్క్రైబరు